శంకర్ అన్న పేరు లేకుండా

సెలవు రోజు కావడంతో వారం బట్టలన్నీ ఇస్త్రీకి మిగిలాయి. అమెరికన్ గాయని నోరా జోన్స్ మొదటి ఆల్బమ్ 'కమ్ అవే విత్ మీ' పెట్టుకుని మొదలుపెట్టాను. ఆ పాటలు తొందరపెట్టవు, అలాగని జోకొట్టవు. అటుగా వెళ్తున్న అన్నయ్య ఒక్క క్షణం ఆగి, "సితార్ రవిశంకర్ కూతురు కదా, సంగీతం రాక ఎక్కడికి పోతుంది?" అనేసి వెళ్లిపోయాడు.

తనతో వాదన పెట్టుకుంటే భోజనాల దాకా తెగదు. అందుకే జవాబు ఇక్కడ రాసుకుంటున్నాను.

ఆమె పుట్టింది 1979లో, న్యూయార్క్‌లో. పెరిగింది మాత్రం టెక్సస్‌లో, డాలస్ దగ్గర గ్రేప్‌వైన్ అనే ఊళ్లో, తల్లి సూ జోన్స్ దగ్గర. చిన్నప్పుడు కొన్నేళ్లపాటు తండ్రిని చూడనే లేదు. ఆమె చెవిన పడింది సితార్ కాదు, అమ్మ దగ్గరున్న జాజ్ గాయని బిల్లీ హాలిడే రికార్డులు. మొదట ఆమె పేరు గీతాలీ నోరా జోన్స్ శంకర్. 16 ఏళ్లప్పుడు అమ్మానాన్నలు ఒప్పుకోగానే దాన్ని నోరా జోన్స్‌గా మార్చేసుకుంది. శంకర్ అని ఉంచుకుంటే కనీసం పిలిచి కూర్చోబెట్టేవాళ్లైనా ఉండేవాళ్లు కదా అనిపిస్తుంది. ఆ వయసులో నేనైతే వదులుకునేదాన్ని కాదు.

యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సస్‌లో జాజ్ పియానో చదువుతూ, 1999 వేసవిలో న్యూయార్క్ వెళ్లి అక్కడే ఉండిపోయింది. హోటల్లో వడ్డించింది, జనం తింటూ మాట్లాడుకుంటుంటే ఒక మూల పాడింది. ఈఎంఐ పబ్లిషింగ్ అనే సంగీత సంస్థలో పనిచేసే ఒకావిడ ఆ పాట విని, బ్లూ నోట్ అనే రికార్డు కంపెనీ పెద్ద బ్రూస్ లండ్వాల్ దగ్గరికి తీసుకెళ్లింది. 2001లో ఒప్పందం కుదిరింది.

నాకు ఆసక్తిగా అనిపించేది ఆ తర్వాతి సంగతి. క్రెయిగ్ స్ట్రీట్ అనే నిర్మాతతో అలెయిర్ స్టూడియోలో ఆల్బమ్ రికార్డు చేసి కంపెనీకి ఇస్తే, లండ్వాల్‌కి నచ్చలేదు. డెమోలో, అంటే ముందు చేసిన నమూనా రికార్డింగులో, తనకి నచ్చిన గుణం ఇందులో పోయిందన్నాడు. ఇరవై రెండేళ్ల అమ్మాయికి అది ఎంత టెన్షనో! మళ్లీ స్టూడియోకి వెళ్లింది, ఈసారి ఆరిఫ్ మార్డిన్‌తో. పాత వాటిలో కొన్ని మాత్రం మిగుల్చుకుని తక్కినవి కొత్తగా పాడింది. పెద్ద హిట్టయిన 'డోంట్ నో వై' పాటకైతే డెమోనాటి రికార్డింగునే దాదాపు అలాగే వాడుకున్నారట.

పక్కన పెట్టిన ఆ రికార్డింగులు 2022లో బయటికొచ్చాయి. ఇవాళ రెండూ పక్కపక్కన పెట్టి విన్నాను. అలెయిర్ వాటిలో గిటార్లు చక్కగా పరుచుకుని ఉంటాయి, విడిగా వింటే నాకు బాగా నచ్చాయి. కానీ గొంతు ఎక్కడో వెనక నిలబడ్డట్టుంటుంది. మార్డిన్ చేసిన పనల్లా ఆమెనీ పియానోనీ ముందుకు తెచ్చి, మిగతా అందరినీ కాస్త తగ్గించడమే అనిపించింది. లండ్వాల్ కాదనడం కరెక్టే. (మా ఆఫీసులో కూడా కాదనేవాళ్లు ఉన్నారు, ఏం పోయిందో చెప్పేవాళ్లే లేరు.)

'కమ్ అవే విత్ మీ' 2002 ఫిబ్రవరిలో వచ్చింది. అమెరికాలో ఆల్బమ్‌లకి ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ పట్టికలో 139వ స్థానంలో మొదలై, మొదటి స్థానానికి చేరేసరికి 2003 జనవరి అయింది. మరుసటి నెలలో ఆమెకి ఐదు గ్రామీలు. గ్రామీల సంగతి అందరికీ గుర్తే. అయితే ఆ ఆల్బమ్‌లో ఆమె ఒక్కతే రాసుకున్నవి రెండే పాటలు. ఆ పెద్ద హిట్టు కూడా జెస్సీ హ్యారిస్ రాసిందే. పాటలన్నిట్లో తన రాత ఉన్న ఆల్బమ్ 2007లో గానీ రాలేదు, అది మూడోది. రాయడం ఇంత నిదానంగా వచ్చిన మనిషిని పట్టుకుని రక్తంలోనే ఉందంటే ఎలా?

అలాగని ఆ మూడోది మొదటిదానికంటే గొప్పదని చెప్పలేను. కొన్ని పాటలు సాగదీసినట్టున్నాయి. ఒకటి రెండు మాత్రం బాగా పట్టుకున్నాయి. రేపు బస్సులో అవి మళ్లీ వినాలి.