నోమోడ్‌సెట్ తీసేసిన తర్వాత

లినక్స్ ఎక్కించిన పాత ల్యాప్‌టాప్‌లో తెర తేడాగా కనిపిస్తే చాలామంది వెంటనే కొత్త డ్రైవర్ కోసం వెతుకుతారు. ఇంటెల్ గ్రాఫిక్స్ ఉన్న యంత్రాలకు అలా విడిగా దించుకోవలసిన డ్రైవరంటూ ఉండదు. దానిలో ఒక భాగం ఐ915 అన్న పేరుతో లినక్స్ గుండెకాయ అయిన కెర్నెల్‌లో ఉంటుంది, త్రీడీ పనులు చూసే భాగం మెసా అన్న గ్రాఫిక్స్ లైబ్రరీలో ఉంటుంది, కిటికీలను తెర మీద చూపే ఎక్స్ వ్యవస్థ వాడేవారికి మరొక చిన్న భాగం దాని సర్వర్ అయిన ఎక్సార్గ్‌లో ఉంటుంది. బొమ్మ వీటిలో ఏ అంచె దాకా వచ్చి ఆగిపోయిందో తేల్చుకుంటే సగం పని అయినట్టే.

తెలిసినవారు ఇటీవల నా దగ్గరకు తెచ్చిన ల్యాప్‌టాప్‌లో కోర్ 2 డ్యూయో ప్రాసెసర్, 2007 నాటి ఇంటెల్ 965జీఎమ్ చిప్‌సెట్, అందులోనే ఇమిడి ఉన్న ఎక్స్3100 గ్రాఫిక్స్ ఉన్నాయి. తెర వస్తోంది కానీ అక్షరాలు అడ్డంగా సాగినట్టున్నాయి, వెలుతురు పెంచి తగ్గించే మీటలు పలకడం లేదు, చిన్న వీడియో పెట్టినా ఫ్యాన్ హోరెత్తిపోతోంది. త్రీడీ పని ఎవరు చేస్తున్నారో చూపే జీఎల్ఎక్స్‌ఇన్ఫో ఆదేశం నడిపి చూస్తే రెండరర్ అన్న వరుసలో చిప్ పేరుకు బదులు ఎల్ఎల్‌వీఎమ్‌పైప్ అని ఉంది. గ్రాఫిక్స్ చిప్ చేయవలసిన పనంతా ప్రాసెసరే మోస్తోందని దాని అర్థం. తెర అసలు కొలత 1280×800 కాగా, నడుస్తున్నది 1024×768. బూట్ సమయంలో కెర్నెల్‌కు అందిన మాటలన్నీ ప్రోక్ డైరెక్టరీలోని సీఎమ్‌డీలైన్ ఫైలులో కనిపిస్తాయి. దాన్ని తెరిస్తే వరుస చివర నోమోడ్‌సెట్ ఉంది.

తెర కొలతను, రంగుల లోతును నిర్ణయించే పని ఒకప్పుడు ఎక్స్ సర్వర్‌ది. 2009లో వచ్చిన 2.6.29 కెర్నెల్ నుంచి ఇంటెల్ చిప్‌ల విషయంలో ఆ పని కెర్నెల్ చేతికి రావడం మొదలైంది. నోమోడ్‌సెట్ ఆ ఏర్పాటును నిలిపివేస్తుంది. ఐ915 పక్కకు తప్పుకుంటుంది, తెర బయోస్ (యంత్రం లేవగానే మొదట నడిచే ప్రోగ్రాము) ఇచ్చే సాదా వెసా ప్రదర్శన పద్ధతిలో నడుస్తుంది. ఆ కాలపు బయోస్‌లలో వెడల్పు తెరల కొలతలు తరచు ఉండవు కాబట్టే అక్షరాలు సాగాయి. ఒక్కసారి పెట్టి, లోపం కెర్నెల్ అంచెలో ఉందా లేదా అని చూడడానికి ఇది చక్కని సాధనం. శాశ్వతంగా ఉంచేయమని ఇచ్చే సలహా మాత్రం జ్వరం కొలిచే థర్మామీటర్‌నే మందుగా మింగమన్నట్టుంటుంది.

అది లేకపోతే డెస్క్‌టాప్ రాదన్న కారణంతోనే ఎవరో దాన్ని పెట్టి ఉండాలి. బూట్ మొదట్లో వచ్చే గ్రబ్ మెనూలో ‘ఇ’ మీట నొక్కి, ఆ ఒక్క బూట్‌కు ఆ మాట చెరిపి, కంట్రోల్, ఎక్స్ మీటలతో ముందుకు పంపాను. కెర్నెల్ సందేశాలు సరైన కొలతలో స్పష్టంగా వచ్చాయి. లాగిన్ పెట్టె రావలసిన చోట మాత్రం ఖాళీ తెర మిగిలింది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కితే అక్షర టెర్మినల్ మామూలుగానే తెరుచుకుంది. బ్యాక్‌లైట్, తెర కేబుల్, ఐ915 మూడూ బాగానే ఉన్నాయని దీంతో తేలింది. (టెర్మినల్ కూడా రాకపోతే చీకట్లో తెర మీదికి ఏటవాలుగా టార్చి వేసి చూడాలి, లీలగా బొమ్మ కనిపిస్తే బ్యాక్‌లైట్ వెలగడం లేదని అర్థం. ఆ కాలపు తెరల్లో ఎక్కువగా ఉండేది సన్నని ట్యూబు దీపం, దానికొక ఇన్వర్టర్ బోర్డు. అవి చెడిపోతే ఏ డ్రైవరూ బాగుచేయలేదు.)

సిస్, క్లాస్ డైరెక్టరీల కింద ఉండే డీఆర్ఎమ్ ఫోల్డర్‌లో తెరను తగిలించగల ప్రతి కనెక్టర్‌కూ ఒక ఫోల్డర్, దానిలో స్టేటస్ అన్న ఫైలు ఉంటాయి. లోపలి తెర అయిన ఎల్‌వీడీఎస్-1 దగ్గర కనెక్టెడ్ అని ఉండడం సహజం. ఎస్‌వీడియో-1 దగ్గర కూడా అదే ఉంది. ఆ ల్యాప్‌టాప్‌కు ఎస్-వీడియో సాకెట్టే లేదు! చిప్‌సెట్‌లో టీవీ అవుట్‌పుట్ ఉన్నా బోర్డు మీద దాన్ని బయటికి తేలేదు; డ్రైవర్ తడిమి చూసినప్పుడు ఏదో తగిలించి ఉన్నట్టు తప్పుడు జవాబు వస్తోంది. లాగిన్ పెట్టె వెళ్లి ఆ లేని టీవీ మీద కూర్చుంది. 945, 965 తరాల యంత్రాల్లో ఇది కొత్త సంగతేమీ కాదు.

ఈటీసీ కింద డిఫాల్ట్ డైరెక్టరీలోని గ్రబ్ ఫైలులో నోమోడ్‌సెట్ తీసి, ఆ చోట వీడియో=ఎస్‌వీడియో-1:డి అని రాసి, అప్‌డేట్-గ్రబ్ నడిపాను. (చివరి ‘డి’ ఆ కనెక్టర్‌ను ఆపేయమని చెబుతుంది. టైపు చేసేటప్పుడు కనెక్టర్ పేరు ఆ ఫోల్డర్ పేరులో ఉన్నట్టే పెద్ద ఆంగ్ల అక్షరాల్లో ఉండాలి.) తిరిగి బూట్ అయ్యాక 1280×800 వచ్చింది, వెలుతురు మీటలు పలికాయి, రెండరర్ వరుసలో 965జీఎమ్ పేరు కనిపించింది.

నోమోడ్‌సెట్ లేకపోయినా ఎల్ఎల్‌వీఎమ్‌పైప్ కనిపిస్తుంటే మెసా వైపు చూడాలి. 2022లో వచ్చిన మెసా 22.0 నుంచి పాత క్లాసిక్ డ్రైవర్లను తొలగించి యాంబర్ అన్న వేరే శాఖకు మార్చారు. ఎక్స్3100 వంటి నాలుగో తరం ఇంటెల్ చిప్‌లను అంతకుముందే మెసాలో చేరిన క్రోకస్ డ్రైవర్ ఆదుకుంటోంది. తొలి తరాల రేడియాన్ గ్రాఫిక్స్ చిప్‌లకు యాంబరే దిక్కు.

ఎన్విడియా చిప్‌ల కథ వేరు. జీఫోర్స్ 8 తరానికి పనికివచ్చే 340 వరుస డ్రైవర్ 2019 డిసెంబరులో వచ్చిన 340.108తో ఆగిపోయింది కనుక, కొత్త కెర్నెల్ మీద దాన్ని అతికించే ప్రయాస కన్నా కెర్నెల్‌లోనే ఉన్న నూవో డ్రైవర్‌తో సర్దుకోవడం మేలని నా అభిప్రాయం.

ఇక ఎక్సార్గ్ అంచెలో నేను మొదట చూసేది ఎప్పుడో రాసి వదిలేసిన ఎక్సార్గ్.కాన్ఫ్ ఫైలును. అందులో పేర్కొన్న డ్రైవర్ ఇప్పుడు వ్యవస్థలో లేకపోతే ఎక్స్ సర్వర్ ‘తెరలేవీ దొరకలేదు’ అని చెప్పి ఆగిపోతుంది. ఆ ఫైలు పేరు మార్చి పక్కన పెడితే చాలు, తగిన డ్రైవర్‌ను ఎక్స్ సర్వర్ తానే ఎంచుకుంటుంది.