నలత

కొన్నాళ్లుగా ఒంట్లో నలతగా ఉంది. జ్వరం లేదు, నొప్పి లేదు, అన్నం మాత్రం నాలుగు ముద్దలకే చాలనిపిస్తోంది. డాక్టరుగారికి ఇదే చెబితే "నలత అంటే ఎక్కడ?" అన్నారు. ఎక్కడో చెప్పగలిగితే అది నొప్పి అయ్యేది కదా!

నలత ఒంటిది, కలత మనసుది. కలత నిద్ర అంటాం గాని నలత నిద్ర అనం. గుబులు రాబోయేదాని గురించి, బెంగ దూరమైనవాళ్ల గురించి. నలతకు కారణం చూపించే పని లేదు. మా అమ్మ అయితే ఒంటికి సుస్తీ అంటుంది, మనసుకు బేజారు అంటుంది. రెండూ పారసీ నుంచి వచ్చినవే. 1839 దాకా నవాబుల ఏలుబడిలో ఉన్న కర్నూలులో ఆ మాటలు వంటింట్లో వినిపించడం వింతేమీ కాదు. పారసీలో సుస్తీ అంటే బద్ధకం, మందకొడితనం. అదే తెలుగులోకి వచ్చి జబ్బయి కూర్చుంది. బద్ధకస్తులకు ఇంతకన్నా మర్యాదైన సాకు ఇంకెక్కడ దొరుకుతుంది!

చెమటతో నీళ్లే కాదు, ఉప్పు కూడా పోతుందని, ఎండలో తిరగవద్దని డాక్టరుగారు చెప్పారు. మే నెలలో కర్నూలులో ఎండ తగలకుండా ఉద్యోగం ఎలా చేయాలో మాత్రం చెప్పలేదు. అమ్మ పలచటి మజ్జిగలో ఉప్పు వేసి, కరివేపాకు నలిపి, పొద్దున్నుంచి గ్లాసు మీద గ్లాసు అందిస్తోంది.

సెలవు చీటీలో "ఒంట్లో నలతగా ఉన్నందున" అని రాశాను. మా అధికారి దాన్ని కొట్టేసి "జ్వరం" అని రాయమన్నారు.