ఒరాకిల్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కి: విశాఖలో ఒక డీబీఏగా నా అనుభవం

విశాఖ పోర్టు నుంచి, గంగవరం నుంచి సరుకు ఎత్తే లారీల ట్రిప్పులు, కిరాయిలు, డ్రైవర్ల అడ్వాన్సులు, సరుకు పంపే పార్టీల బకాయిలు. మా ట్రాన్స్‌పోర్టు కంపెనీలో ఇవన్నీ ఒకే డేటాబేస్‌లో ఉంటాయి. దాన్ని కాపాడుకోవడమే డీబీఏగా, అంటే డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్‌గా, నా ఉద్యోగం. చేరి పదేళ్లు దాటాక, ఆ డేటాబేస్‌ని ఒరాకిల్ కంపెనీ సాఫ్ట్‌వేర్ నుంచి పోస్ట్‌గ్రెస్ అనే ఉచిత డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌కి మార్చే పని నా మీద పడింది. దాదాపు ఏడాది పట్టింది. ఇదే పని ముందు పెట్టుకున్నవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను. ఆ ఏడాది నన్ను కూడా చాలా మార్చింది కాబట్టి అదీ చెప్తాను.

మార్పుకి కారణం డబ్బే. మేం వాడుతున్న ఒరాకిల్ 11జీ రెండో రిలీజ్‌కి ఎక్స్‌టెండెడ్ సపోర్టు 2020 డిసెంబర్‌తో అయిపోయింది. ఒరాకిల్‌లో లైసెన్సు కొంటే సరిపోదు, దాని ధరలో 22 శాతం ఏటా సపోర్టుకి కట్టాలి. పోస్ట్‌గ్రెస్‌కి లైసెన్సు ఖర్చే లేదు. అలాగని నిన్నమొన్న పుట్టిందీ కాదు. 1986లో అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ మొదలుపెట్టిన ప్రాజెక్టు నుంచి పెరిగింది. ఒక్కో మేజర్ వెర్షన్‌కి ఐదేళ్లపాటు ఫిక్స్‌లు వస్తాయి. ఈ లెక్కలు చూశాక మా ఎండీ గారికి ఇంకేమీ చెప్పాల్సిన పని లేకపోయింది.

నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. మాది విజయనగరం జిల్లాలో పల్లెటూరు. ఇంటర్ దాకా తెలుగు మీడియం. డిగ్రీ అయ్యాక హైదరాబాద్ అమీర్‌పేటలో హాస్టల్లో ఉండి ఒరాకిల్ కోర్సు చేశాను. ఒరాకిల్ వాళ్ల ఆర్‌మ్యాన్ టూల్‌తో బ్యాకప్ తీయడం, రిపోర్టులు చదివి ఏ క్వెరీ (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న) ఎందుకు నెమ్మదించిందో పట్టుకోవడం, జరిగిన మార్పులన్నీ దాచే ఆర్కైవ్ లాగ్‌లతో డిస్క్ నిండిపోయి పని మొత్తం ఆగిపోతే అర్ధరాత్రి లేచి దారిలో పెట్టడం, ఇదే నాకు తెలిసిన విద్య. దాంతోనే ఉద్యోగం వచ్చింది, మద్దిలపాలెంలో ఇల్లు నడుస్తోంది. ఇప్పుడు దాన్ని పక్కన పెట్టి మళ్లీ మొదటినుంచీ నేర్చుకోవాలంటే టెన్షన్ ఉండదా?

పని మొదలుపెట్టింది ఒరా2పీజీ అనే ఉచిత టూల్‌తో. పాత డేటాబేస్‌ని చదివి, ఏది తేలిగ్గా మారుతుంది, ఏది చేత్తో రాయాలి, ఎంత పని పడుతుంది అని రిపోర్టు ఇస్తుంది. టేబుళ్లు, ఇండెక్సులు పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. అసలు చిక్కంతా ప్యాకేజీల దగ్గర, అంటే ఒక పనికి సంబంధించిన కోడ్‌ని ఒకే కట్టగా పెట్టుకునే చోట. ఒరాకిల్‌లో ఉన్నట్టు పోస్ట్‌గ్రెస్‌లో ప్యాకేజీలు ఉండవు. స్కీమా అనే విభాగం పెట్టుకుని, అందులో విడివిడి ఫంక్షన్లుగా రాసుకోవాలి.

మాకు కిరాయి లెక్కకట్టే ప్యాకేజీ ఒకటుంది. దాన్ని రాసినవాళ్లెవరూ ఇప్పుడు కంపెనీలో లేరు. కొన్ని పార్టీలకి, లారీ గేటు దాటింది రాత్రి పదికి ముందా తర్వాతా అన్నదాన్ని బట్టి వెయిటింగ్ చార్జీ మారుతుంది. ఎందుకో కోడ్‌లో ఒక్క ముక్క రాసిలేదు. రుషికొండలో మా ఐటీ ఆఫీసులో కూర్చుంటే ఆ జవాబు దొరకదని తేలిపోయింది. కాన్వెంట్ జంక్షన్ దగ్గర ఉన్న బిల్లింగ్ ఆఫీసుకి వెళ్లాను. అన్నేళ్లు వాళ్ల లెక్కలు కాపాడుతూ కూడా ఆ మనుషుల పక్కన కూర్చుని వాళ్లేం చేస్తారో చూడటం అదే మొదలు.

అక్కడ రిటైర్మెంట్‌కి దగ్గరపడిన ఒక పెద్దాయన ఉన్నారు. అందరూ బాబాయ్ గారు అంటారు. నేను అడగ్గానే నవ్వారు. "అది పాత ఒప్పందం అమ్మా. పగలు ఊళ్లోకి లారీని రానివ్వని వేళలుంటాయి కదా. పార్టీ ఆలస్యం చేసి లారీ ఇరుక్కుంటే చార్జీ పార్టీది. మన లారీయే ఆలస్యంగా వెళ్తే మనది" అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు కోడ్ అర్థమైంది, ఒక ప్రమాదం కూడా కనపడింది. ఒరాకిల్‌లో డేట్ అంటే తేదీతో పాటు గంట, నిమిషం, సెకను కూడా ఉంటాయి. పోస్ట్‌గ్రెస్‌లో డేట్ అంటే తేదీ మాత్రమే. టేబుళ్లని ఒరా2పీజీ, టైము కూడా ఉండే టైమ్‌స్టాంప్‌గానే మార్చింది కానీ, చేత్తో రాసే ఫంక్షన్లలో అలవాటుగా డేట్ అని పెడితే గేటు దాటిన టైము మాయమై, ప్రతి లారీ అర్ధరాత్రి 12కే బయటికొచ్చినట్టు లెక్క వస్తుంది. ఫంక్షన్లన్నీ ఆ ఒక్క విషయం కోసమే మరోసారి వరసగా చదివాం.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసింది ఖాళీ. టెస్ట్ సర్వర్‌లో పాత బిల్లులు మళ్లీ ప్రింట్ చేసి, అసలువాటి పక్కన పెట్టి చూస్తున్నాం. మా టీమ్‌లో కుర్రాడు, డెవలపర్, ఒక బిల్లు తీసుకొచ్చి "అక్కా, పార్టీ పేరు లేదు చూడండి" అన్నాడు. అంకెలన్నీ సరిగ్గా ఉన్నాయి, పేరు ఉండాల్సిన చోట తెల్లకాగితం. అలాంటివి ఇంకా దొరికాయి. అన్నిటికీ ఉన్న పోలిక ఒకటే, వాళ్ల ఇంటిపేరు ఎంట్రీ చేసిలేదు.

బిల్లు మీద పేరు రావాలంటే ఇంటిపేరుని, పేరుని కలపాలి. విలువే లేదని డేటాబేస్ పెట్టుకునే గుర్తు నల్. ఒరాకిల్‌లో ఖాళీ అంటే నల్, నల్ అంటే ఖాళీ. దాన్ని ఏ మాటతో కలిపినా ఆ మాట మిగులుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఖాళీ స్ట్రింగ్ (అక్షరాలేవీ లేని మాట) వేరు, నల్ వేరు. || అనే రెండు నిలువు గీతల గుర్తుతో కలిపేటప్పుడు ఒక ముక్క నల్ అయితే మొత్తం నల్. ఇంటిపేరు తెలియనందుకు మనిషి పేరే పోయింది. కాన్‌క్యాట్ ఫంక్షన్ నల్‌ని వదిలేసి మిగతావి కలుపుతుంది కాబట్టి ఆ ప్రింటు సమస్య ఒక పూటలో తీరింది.

కానీ ప్రశ్న అక్కడితో ఆగలేదు. ఇన్నాళ్లూ ఒరాకిల్ రెండు రకాల ఖాళీలని ఒకటిగా కలిపేసింది. ఇకపై అవి విడివిడిగా ఉండబోతున్నాయి. జీఎస్టీ నంబరు కాలమ్ ఖాళీగా ఉందంటే ఆ పార్టీకి నంబరు లేదనా, ఇంకా ఇవ్వలేదనా? బిల్లింగ్‌కి ఇది చిన్న తేడా కాదు. మళ్లీ బాబాయ్ గారి దగ్గరికే వెళ్లాను. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పటి నుంచీ ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నారు. నంబరు లేని పార్టీకి ఆ గడిలో ఒక చుక్క కొడతారు. ఇస్తామని ఇంకా ఇవ్వనివాళ్లకి గడి వదిలేస్తారు. నెలాఖరుకి చుక్క లేని ఖాళీలు చూసుకుని ఫోన్లు చేస్తారు. ఆ చుక్కలు నేను డేటాబేస్‌లో ఎన్నోసార్లు చూశాను. చెత్త అనుకుని తుడిచేసే క్లీనింగ్ స్క్రిప్టు కూడా ప్లాన్‌లో సిద్ధంగా ఉంది. ఆయనతో మాట్లాడాక ఆ లైను తీసేసి, జీఎస్టీ స్థితికి వేరే కాలమ్ పెట్టి, చుక్కలని అందులోకి మార్చాం. ఆయన తలలో మాత్రమే ఉన్న పద్ధతి ఆ రోజు నుంచి టేబుల్ నిర్మాణంలో ఉంది.

ఒక సంతోషం కూడా చెప్పాలి. డ్రైవర్లకిచ్చే చీటీల మీద ఊళ్ల పేర్లు తెలుగులో ఉండాలని ఎప్పటి నుంచో అడుగుతున్నారు. పాత టేబుల్‌లో ఏరియా కాలమ్ సైజు 30, అదీ బైట్లలో. అక్షరాలని కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకి మూడు బైట్లు పడతాయి. అక్షరం, గుణింతం, పొల్లు, సున్నా దేనికది లెక్క. గోపాలపట్నం సరిగ్గా 30 బైట్లలో పట్టేది. శ్రీహరిపురం 33. అది ఎక్కించబోతే ఒరా-12899, విలువ కాలమ్‌కి మించిందని ఎర్రర్. పోస్ట్‌గ్రెస్‌లో ఆ సైజుని బైట్లలో కాక క్యారెక్టర్లలో లెక్కేస్తారు. ఒరాకిల్‌లోనూ అలా పెట్టుకోవచ్చు, మా పాత టేబుల్‌లో ఎవరూ పెట్టలేదంతే. కొత్త సర్వర్‌లో శ్రీహరిపురం పూర్తిగా ప్రింటైన మొదటి చీటీ నా డెస్క్ దగ్గర అంటించుకున్నాను.

కటోవర్ ప్లాన్‌ని, అంటే పాత డేటాబేస్ ఆపి కొత్తదానికి మారే ప్లాన్‌ని, ఎండీ గారి ముందు చెప్పాల్సిన రోజు దగ్గరపడుతుంటే నాకు నిద్ర పట్టేది కాదు. మీటింగుల్లో ఎప్పుడూ చివరి కుర్చీ నాది. ఇంగ్లిష్‌లో గడగడా మాట్లాడేవాళ్ల మధ్య నోరు విప్పేదాన్ని కాదు. ఆ రోజు స్లైడ్లు రెండు చూపించేసరికి ఆయన ఆపి, "అమ్మా, ఇందులో మనకి దెబ్బ తగిలే చోటేది?" అని తెలుగులో అడిగారు. లేచి బోర్డు మీద గీసి తెలుగులోనే చెప్పాను. ఎక్కడ లెక్క తేడా రావచ్చు, తెల్లవారుజామున నాలుగింటికి ఏయే మొత్తాలు కలవకపోతే వెనక్కి వెళ్లిపోతాం, వెళ్తే సోమవారం పొద్దున్న ఎవరికీ ఏ నష్టమూ ఎలా ఉండదు. నాకు తెలిసింది నాకు తెలిసిన భాషలో చెప్తే గదిలో అందరూ వింటారని అప్పుడు చూశాను. ఆ తర్వాత చివరి కుర్చీలో కూర్చోలేదు.

కటోవర్ శనివారం రాత్రి. పెట్టుకున్న రిహార్సల్స్ వల్ల పెద్దగా చెప్పడానికేమీ లేదు. ఎంట్రీలు ఆపేశాం, మిగిలిన డేటా ఎక్కించాం, నంబర్లు వరసగా ఇచ్చే సీక్వెన్సులన్నీ చివరి నంబరు దాటి ముందుకి జరిపాం. అది చేయకపోతే కొత్త బిల్లుకి పాత నంబరే వచ్చి డూప్లికేట్ కీ అంటుంది. ఎక్కించగానే, టేబుళ్ల లెక్కలు తీసే అనలైజ్ నడపాలి. లేకపోతే ఏ టేబుల్‌లో ఎంతుందో క్వెరీకి దారి ఎంచే ప్లానర్‌కి తెలియక క్వెరీలు పాకుతాయి. తర్వాత నెలవారీగా కిరాయిల మొత్తాలు, పార్టీవారీగా బకాయిలు, రెండు వైపులా పైసాతో సహా కలిపి చూశాం. నాలుగు కాకముందే అన్నీ కలిశాయి. బయటికొచ్చి రుషికొండ బీచ్ రోడ్డు మీద టీ తాగాం.

ఆ తర్వాత ఒక టేబుల్ మాత్రం మమ్మల్ని కొన్ని వారాలు పరుగులు పెట్టించింది. బకాయిల టేబుల్‌ని, రాత్రి దానంతటదే నడిచే జాబ్ మొత్తం అప్‌డేట్ చేసేది. ఒరాకిల్‌లో పాత విలువలు అన్‌డూ అనే వేరే చోటికి వెళ్తాయి. పోస్ట్‌గ్రెస్‌లో పాత వరస టేబుల్‌లోనే ఉండిపోయి టేబుల్ ఉబ్బుతుంది, వాక్యూమ్ అనే శుభ్రం చేసే పని వచ్చి ఆ చోటు ఖాళీ చేయాలి. టేబుల్‌లో సుమారు ఐదో వంతు పాతబడితే గాని, దాన్ని దానంతటదే నడిపే ఆటోవాక్యూమ్ కదలదు, డిఫాల్ట్ 0.2. ఈ ఒక్క టేబుల్‌కి దాన్ని బాగా తగ్గించాం. జాబ్‌ని కూడా మార్చి, నిజంగా బకాయి మారిన పార్టీలనే అప్‌డేట్ చేసేలా రాశాం. నిజానికి రెండోదే అసలు మందు.

బ్యాకప్ విషయంలో నేను మొండిదాన్ని. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు విశాఖలో ఉన్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఎటు చూసినా పడిపోయిన చెట్లే. రోడ్లు తెరుచుకోగానే మా సీనియర్ సార్ బ్యాకప్ డిస్క్ బ్యాగులో పెట్టుకుని హైదరాబాద్ బస్సెక్కారు. అందుకే కొత్త డిజైన్‌లో స్టాండ్‌బై సర్వర్ (అసలుది ఆగితే అందుకునే జంట సర్వర్) హైదరాబాద్‌లో ఉండాలని మొదటి రోజే రాశాను. బ్యాకప్‌ని వేరే మెషీన్‌లో రీస్టోర్ చేసి చూడటం కూడా మా టైమ్‌టేబుల్‌లో ఉంది. 2017 జనవరి 31న కోడ్ దాచుకునే సర్వీసు నడిపే గిట్‌ల్యాబ్ కంపెనీలో ప్రొడక్షన్ (నిజంగా వాడుతున్న) డేటా డైరెక్టరీ డిలీట్ అయినప్పుడు, బ్యాకప్ తీసే పోస్ట్‌గ్రెస్ టూల్ పీజీ-డంప్ వెర్షన్, డేటాబేస్ వెర్షన్‌తో కలవక ఎప్పటి నుంచో ఫెయిలవుతోందని అప్పుడు బయటపడింది. దాదాపు ఆరు గంటల కిందటి స్నాప్‌షాట్ దొరకబట్టి మిగతా డేటా నిలిచింది. జరిగింది జరిగినట్టు వాళ్లు లోకానికి చెప్పడం నాకు చాలా గౌరవంగా అనిపించింది. మా టీమ్‌లో చేరినవాళ్లకి మొదటి వారంలోనే ఆ రిపోర్టు చదివిస్తాను.

ఇంట్లో వచ్చిన మార్పు ఇంకోటి. అన్నేళ్లూ ఫోన్ దిండు పక్కనే. మా అమ్మాయి చిన్నప్పుడు ఆ రింగ్‌టోన్ వింటేనే ఏడ్చేది. పోస్ట్‌గ్రెస్ అందరికీ కొత్తే కాబట్టి నేర్చుకున్న ప్రతిదీ రాసి పెట్టాల్సి వచ్చింది. ఏ అలర్ట్ వస్తే ఏం చూడాలి, ఏది ముట్టుకోకూడదు, ఎప్పుడు నన్ను లేపాలి, అన్నీ మేం మాట్లాడుకునే తెలుగులోనే. ఆ నోట్సు పట్టుకుని మా జూనియర్ అమ్మాయి ఒక రాత్రి స్టాండ్‌బైకి కాపీ వెళ్లే రెప్లికేషన్ ఆగిపోతే తనే సరిచేసి, పొద్దున్న వచ్చి "మిమ్మల్ని లేపలేదు మేడమ్, అవసరం పడలేదు" అంది. ఇప్పుడు ఆన్‌కాల్ వంతులవారీగా తిరుగుతోంది. నా వంతు కాని రాత్రుల్లో ఫోన్ హాల్లో చార్జింగ్‌లో ఉంటుంది.

పాత ఒరాకిల్ సర్వర్‌ని ఆడిట్ అయ్యేదాకా చదవడానికి మాత్రమే ఉంచి, తర్వాత ఆపేశాం. వచ్చే పని పోస్ట్‌గ్రెస్ మేజర్ వెర్షన్ అప్‌గ్రేడ్. ప్లాన్ మా జూనియరే రాస్తోంది. టెస్ట్ బిల్లులు చూడటానికి బాబాయ్ గారిని పిలవాలని మొదటి పేజీలోనే పెట్టింది.