డీవీడీ ముక్కతో స్పెక్ట్రోమీటర్: ఇంతవరకు అయిన పని

వెలుగును రంగులుగా విడదీసి కొలిచే స్పెక్ట్రోమీటర్‌ను ఇంట్లో చేస్తున్నాను. సీఎఫ్ఎల్ బల్బులోని పాదరసం పసుపు జంట, 577.0, 579.1 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న గీతలు, ఈ వారం అందులో విడివిడిగా కనిపించాయి. వెబ్‌క్యామ్, డీవీడీ ముక్క, బ్లేడుతో 2 నానోమీటర్ల తేడా పట్టుకోవచ్చన్నమాట. చేయాలనుకునేవాళ్లకు పనికొస్తాయని కొలతలతో సహా రాస్తున్నాను.

పరికరంలో జరిగేది ఇది. వెలుగు సన్నని చీలికలోంచి వస్తుంది. గ్రేటింగ్, అంటే దగ్గరదగ్గరగా సన్నని గాళ్లున్న పలక, ఒక్కో రంగును ఒక్కో కోణంలో వంచుతుంది. ఎక్కడ ఎంత వెలుగు పడిందో కెమెరా చూస్తుంది. ప్రయోగశాలల్లో చీలికకూ గ్రేటింగుకూ మధ్య కొలిమేటర్ కటకం ఉంటుంది, విచ్చుకునే కిరణాలను అది సమాంతరం చేస్తుంది. నేను కటకం వాడలేదు. చీలికను 20 సెంటీమీటర్ల దూరంలో పెట్టి, వెబ్‌క్యామ్ ఫోకస్‌ను ఆ దూరానికే తిప్పి బిగించాను.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది చీలిక మీదే. వర్ణపటంలో కనిపించే ప్రతి గీతా చీలిక బొమ్మే. చీలిక లావైతే గీతలూ లావై ఒకదానిమీద ఒకటి పడతాయి. గడ్డం బ్లేడును రెండు ముక్కలు చేసి, పదునైన అంచులు ఎదురెదురుగా ఉంచి, మధ్యలో మామూలు కాగితం నిలబెట్టి అతికించాను. సందు సుమారు 0.1 మిల్లీమీటర్. వర్ణపటం పొడవునా అడ్డంగా నల్లచారలు కనిపిస్తే చీలికలో దుమ్ము చేరినట్టు. మెత్తని కుంచెతో దులిపితే చాలు.

గ్రేటింగ్ కోసం రాసే డీవీడీని పొరలుగా చీల్చి, పారదర్శకమైన పొర మీది ఊదారంగును స్పిరిట్‌తో కడిగాను. గాళ్ల మధ్య దూరం 740 నానోమీటర్లు. సీడీలో అది 1600, అంత బాగా విడదీయదు. గాళ్లు వంపుగా ఉంటాయి కాబట్టి బయటి అంచునుంచి చిన్న ముక్క తీసి, గాళ్లు చీలికకు సమాంతరంగా ఉండేలా అతికించాలి. వెలుగు నిటారుగా పడితే 550 నానోమీటర్ల రంగు 48 డిగ్రీల కోణంలో వస్తుంది. కెమెరాను అటే తిప్పాను. పెట్టె లోపలంతా నల్ల కాగితం.

కెమెరాలో ఆటో ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ రెండూ ఆపేయండి. లేకపోతే ఆకుపచ్చ గీత తెల్లబడి, ఉన్నదానికంటే లావుగా కనిపిస్తుంది. పిక్సెళ్లను నానోమీటర్లుగా మార్చడానికి సీఎఫ్ఎల్‌లోని పాదరసం 435.8, 546.1 గీతలు ఆధారం. 542 దగ్గర బల్బు పూతది ఇంకో గీత ఉంటుంది, దాన్ని 546 అనుకోకండి. రెండు గీతలతోనే సరళరేఖ గీస్తే ఎరుపు వైపు తేడా వస్తుంది. 404.7, 611 కూడా చేర్చి వర్గ సమీకరణం వాడితే సరిపోయింది.

ఆ తర్వాత ఎండను తెల్లకాగితం మీద పడనిచ్చి, కాగితం వైపు పెట్టె తిప్పాను. సూర్యుడి వైపు నేరుగా ఎప్పుడూ తిప్పకూడదు. 486 దగ్గర హైడ్రోజన్, 517 దగ్గర మెగ్నీషియం, 589 దగ్గర సోడియం నల్లగీతలు స్పష్టంగా ఉన్నాయి. జర్మన్ శాస్త్రవేత్త ఫ్రౌన్‌హోఫర్ 1814లో గుర్తులు పెట్టినవి ఇవే. మన వంటింటి ఉప్పులో ఉన్న మూలకం అంత దూరంలోని సూర్యుడి మీదా ఉందని ఇంట్లో కూర్చుని చూడటం నాకు చాలా పెద్ద విషయం.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ స్పెక్ట్రోస్కోప్‌తో చూసింది మన గుంటూరు నుంచే. సూర్యుడి అంచున లేచే జ్వాలల్లో ఆయనకు మెరిసే గీతలు కనిపించాయి. మర్నాడు గ్రహణం లేకుండానే వాటిని మళ్లీ చూడగలిగాడు. ఆ జ్వాలల్లోని పసుపు గీత హీలియంది, 587.6 దగ్గర ఉంటుంది. సోడియానికి అది 1.4 నానోమీటర్ల దూరం మాత్రమే. అందుకే నా పెట్టెలో 1.4 కూడా తేలిగ్గా విడిపోవాలని పట్టుదల.

0.1 మిల్లీమీటర్ చీలిక వల్ల వచ్చే గీత వెడల్పు, లెక్క ప్రకారం, సుమారు 0.37 నానోమీటరే. మిగతాది కెమెరా పిక్సెళ్లూ డీవీడీ ముక్క చదునుగా లేకపోవడమూ కలిసి పెంచుతున్నాయి. ఇక మార్చాల్సింది ముక్కనే. మిల్లీమీటరుకు 1000 గీతలున్న గ్రేటింగ్ ఫిల్మును గాజుపలక మీద అతికిస్తాను. దానితో రంగులు ఇంతగా విడిపోవు కాబట్టి కెమెరాకు ఎక్కువ ఫోకల్ దూరమున్న కటకం కావాలి. 589కి కోణం 36 డిగ్రీలకు తగ్గుతుంది, కెమెరా నిలబెట్టిన పట్టీ కూడా కొత్తగా కోయాలి.