ప్యాకెట్ కోయకుండా లీకు పట్టడం: నా అనుభవం

కావలి దగ్గర మా యూనిట్‌లో వేరుశనగ చిక్కీని నైట్రోజన్ నింపి పౌచ్‌లలో కడతాం. పక్క లైన్‌లో పచ్చళ్లు. సముద్రపు గాలి ఉన్న ఊళ్లలో సీలు కొంచెం వదిలినా చాలు, చిక్కీ చెమర్చి సాగుతుంది, పల్లీలు పాత నూనె వాసన కొడతాయి. నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు చూసే పద్ధతిలో ప్యాకెట్ తడిసి అమ్మకానికి పనికి రాకుండా పోతుంది. అందుకే ప్యాకెట్ చుట్టూ గాలి లాగేసి, ఆ వాక్యూమ్ ఎంత తగ్గిందో చూసి లీకు పట్టే వాక్యూమ్ డికే మిషన్‌కు మారాం. దీనికి ఏఎస్‌టీఎం ఎఫ్2338 అనే అంతర్జాతీయ పరీక్షా ప్రమాణం ఉంది.

పని తీరు తేలికే. ప్యాకెట్‌ను ఛాంబర్‌లో పెట్టి మూత బిగించాలి. పంపు ఛాంబర్‌లో గాలి లాగేస్తుంది, వాల్వు మూసుకుంటుంది. కాసేపు స్థిరపడనిచ్చి, తర్వాత పది సెకన్లలో పీడనం ఎంత పెరిగిందో సెన్సర్ చెబుతుంది. ప్యాకెట్లో గ్యాస్ బయటికి వస్తే అంకె పెరుగుతుంది. ఇది బెజ్జాన్ని చూడదు, గ్యాస్ కదలికను చూస్తుంది. మాకు వచ్చిన చిక్కులన్నీ ఇక్కడి నుంచే.

మొదటి ప్రశ్న, ఎంత వాక్యూమ్ పెట్టాలి? మా సరుకు ఎక్కువగా బెంగళూరు పోతుంది. ఆ ఊరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. కావలిలో సీలు వేసిన ప్యాకెట్‌కు అక్కడ బయటి పీడనం దాదాపు 100 మిల్లీబార్లు తగ్గుతుంది (సముద్రమట్టం దగ్గర గాలి పీడనం సుమారు 1000 మిల్లీబార్లు). ఇక్కడ గట్టిగా కనిపించిన సీలు ఘాట్ ఎక్కాక విడిపోవచ్చు. అందుకని ఛాంబర్‌ను 600 మిల్లీబార్ల దాకా దించుతాం, అంటే లోపలికీ బయటికీ 400 తేడా. ఇంకా దించితే పౌచ్ ఉబ్బి మంచి సీలు కూడా ఊడిపోతుంది. ప్యాకెట్ ఆకారానికి సరిపడా ప్లాస్టిక్ దిమ్మలు పైనా కిందా పెడితే ఉబ్బు ఆగుతుంది.

ఆ దిమ్మల వల్ల ఇంకో లాభం ఉంది. ఛాంబర్‌లో ప్యాకెట్ పోను 300 సీసీ ఖాళీ మిగిలితే, 20 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) బెజ్జం పది సెకన్లలో పీడనాన్ని ఒకటి రెండు మిల్లీబార్లే పెంచుతుంది. ఖాళీని 150కి తెస్తే ఆ పెరుగుదల రెట్టింపవుతుంది. మిషన్ అమ్మేవాళ్లు సెన్సర్ గొప్పలే చెబుతారు గానీ, దిమ్మలు సరిగ్గా చెక్కించుకోవడమే ఎక్కువ ఫలితం ఇచ్చింది.

తర్వాత, ఫెయిల్ అనడానికి అంకె హద్దు ఎక్కడ పెట్టాలన్నది. దీనికి తెలిసిన బెజ్జం ఉన్న ప్యాకెట్ కావాలి. ఇన్సులిన్ సూదితో ప్యాకెట్‌ను గుచ్చి వాడేవాళ్లున్నారు. 31 గేజ్ సూది మందమే 260 మైక్రాన్లు. దాన్ని పట్టుకున్న మిషన్ 20 మైక్రాన్లను పట్టుకుంటుందన్న భరోసా ఏమీ లేదు. లేజర్‌తో బెజ్జం పెట్టించిన ప్యాకెట్లు తెప్పించుకోవాలి. ప్రతి షిఫ్టుకూ ముందు ఖాళీ ఛాంబర్, ఒక మంచి ప్యాకెట్, ఒక బెజ్జం ప్యాకెట్, ఈ వరసలో నడపాలి. ఖాళీ ఛాంబర్‌లోనే అంకె పెరిగితే మూత అంచున ఉండే రబ్బరు గాస్కెట్ మీద చిక్కీ పొడి ఉన్నట్టే, తుడిస్తే పోతుంది.

అందరూ మర్చిపోయేది పెద్ద బెజ్జం. సీలు పూర్తిగా తెరుచుకుని ఉంటే, పంపు ఛాంబర్‌ను లాగేటప్పుడే ప్యాకెట్ కూడా ఖాళీ అయిపోతుంది. ఆ తర్వాత పెరగడానికి లోపల గ్యాసే ఉండదు, మిషన్ పాస్ అంటుంది. కాబట్టి 600కు చేరడానికి పట్టే సమయానికీ హద్దు పెట్టాలి. ప్యాకెట్లోని గాలిని కూడా లాగాల్సి వస్తే పంపుకు ఎక్కువసేపు పడుతుంది, దొంగ అక్కడే దొరుకుతాడు. మొదటిసారే గ్యాస్ పోయిన ప్యాకెట్ రెండోసారి పాసైపోవచ్చు; ఇదే కారణంగా, ఫెయిలైన ప్యాకెట్‌ను మళ్లీ పెట్టి పాసైతే సరుకులో కలపడం మా దగ్గర నిషేధం.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో ఫెయిళ్లు ఉన్నట్టుండి పెరుగుతాయి. ప్యాకింగ్ హాలు ఏసీ 22 డిగ్రీలు. మిషన్ బయట పెడితే, చల్లని పౌచ్ మీద తేమ పట్టి ఛాంబర్‌లో ఆవిరవుతుంది. ఒక నీటి చుక్కలో నూరో వంతు ఆవిరైనా రెండు మిల్లీబార్లు దాటుతుంది. మంచి ప్యాకెట్లు కుప్పగా రిజెక్ట్ అవుతాయి. మిషన్‌ను హాల్లోకే జరిపితే ఆ బాధ తీరింది.

ఫెయిలైన ప్యాకెట్ ఎక్కడ లీకవుతోందో మిషన్ చెప్పదు. అప్పుడు మాత్రం నీళ్ల తొట్టే దిక్కు. సీలు మడతలో చిక్కిన గాలి ఒకటి రెండు బుడగలై పోతుంది, ఒకే చోటి నుంచి గొలుసుగా వచ్చేదే లీకు. మా పౌచ్‌లలో ఎక్కువగా వెనక నిలువు సీలు, అడ్డ సీలును దాటే చోట దొరుకుతుంది. అక్కడ ఫిల్ము రెండు పొరల నుంచి నాలుగవుతుంది, మెట్టు పక్కన జా (సీలు వేసే వేడి దవడ) ఒత్తిడి సరిగ్గా తగలదు. జా మీది టెఫ్లాన్ పట్టీ అరిగినా, సీలు మధ్య పల్లీ పొడి పడినా ఇదే కనిపిస్తుంది.

పచ్చళ్ల లైన్‌కు ఈ మిషన్ వాడం. నూనె బెజ్జంలో నిలబడి గ్యాస్ దారి మూసేస్తుంది. నీటి పదార్థమైతే ఛాంబర్‌ను 25 మిల్లీబార్ల కిందికి దించితే ఆ నీరు ఆవిరై అంకెలో కనిపిస్తుంది. నూనె అలా ఆవిరి కాదు, ఎంత కారుతున్నా మిషన్ పాసే అంటుంది. అందుకే పచ్చడి పౌచ్‌లను సీలు కిందికి వచ్చేలా తెల్ల కాగితం మీద వరసగా పేర్చి, పైన పలక వేసి బరువు పెట్టి రాత్రంతా వదిలేస్తాం. పొద్దున ఏ పౌచ్ కింద ఎర్రటి నూనె మరక ఉంటే అది పక్కకు.