మానస్ నీళ్లు, రావణుడి నీళ్లు

మలుపు తిరగ్గానే టిబెట్‌లోని మానస సరోవరం నీలంగా కనిపించింది. బస్సంతా ‘హర హర మహాదేవ’ అంటూ లేచింది. నేను లేవలేదు, తల పగిలిపోతోంది. 4,590 మీటర్ల ఎత్తు మరి. ఇంటినుంచి తెచ్చిన జంతికల ప్యాకెట్ ఉబ్బి దిండులా తయారైంది.

పటాల్లో చూసిన తామరలు, చెట్లు ఏవీ లేవు. వానమబ్బుల్ని హిమాలయం అటువైపే ఆపేస్తుంది కాబట్టి ఇక్కడ గులకరాళ్లు, కురచ గడ్డి, ఈడ్చి కొట్టే గాలి, అంతే. దక్షిణాన గుర్లా మాంధాత శిఖరం 7,694 మీటర్లు, ఉత్తరాన కైలాసం 6,638. పెద్దది గుర్లానే, దణ్ణాలన్నీ కైలాసానికే! హంసల కోసం వెతికితే తలమీద రెండు నల్లచారలున్న బాతులు కనిపించాయి. చలికాలంలో ఇవి మన దక్షిణాది చెరువుల దాకా వస్తాయట.

సరస్సులోకి దిగనివ్వలేదు. బకెట్లతో నీళ్లు తెచ్చుకుని ఒడ్డునే పోసుకున్నాం. మొదటి చెంబుకి మంత్రం మరిచిపోయాను. మా పిన్ని మాత్రం మూడు చెంబులు పోసుకుని, దోసిట్లో పట్టి తాగి, ‘తియ్యగా ఉన్నాయిరా’ అంది.

చుట్టూ దాదాపు 90 కిలోమీటర్లు బస్సులోనే తిరిగాం. పడమర ఒడ్డున చియూ మఠం దగ్గర గంగా ఛూ అనే కాలువ ఉంది. మానస్ నిండితే నీళ్లు అందులోంచి పక్కనున్న రాక్షసతాల్‌లోకి దిగుతాయి. అక్కణ్ణుంచి నీటికి బయటికి దారి లేదు, ఎండకి ఆవిరైపోవడమే. అందుకే ఉప్పు అక్కడే పోగవుతుంది. రావణుడి సరస్సు, ముట్టుకోకూడదన్నారు. పిన్ని చూడకుండా వేలు ముంచి నాలుకకి రాసుకున్నా. కాస్త ఉప్పగానే ఉన్నాయి.

తూర్పుగోదావరిలో పుట్టిన స్వామి ప్రణవానంద దక్షిణపు ఒడ్డున తూగొల్హో మఠంలో చలికాలాలు గడిపి, ఈ సరస్సు గడ్డకట్టే తీరునీ మంచు పగిలే తీరునీ రాసిపెట్టారు. వేసవిలో రెండు రాత్రులకే ముక్కులోంచి రక్తం కారిన నాకు ఆ మాట తలచుకుంటేనే వణుకు.

సగం నింపి గట్టిగా మూత బిగించిన నీళ్ల సీసా, కిందికి దిగేకొద్దీ నొక్కుకుపోయి ఖాట్మండు చేరేసరికి సొట్టలు పడింది. పిన్ని దాన్ని అలాగే పూజగదిలో పెట్టింది, మూత తియ్యనివ్వదు.