'అరబీ' కథలో చిల్లర లెక్క

ఐరిష్ రచయిత జేమ్స్ జాయిస్ 'అరబీ' 1914లో వచ్చిన 'డబ్లినర్స్' కథల సంపుటిలో మూడో కథ. ఉన్నవి కొద్ది పేజీలే. ఒంగోలులోనో కావలిలోనో నలుగురు కూర్చుని దీన్ని చదివితే మాటంతా తొలిప్రేమ చుట్టూనే తిరుగుతుంది. ప్రేమ లేదని కాదు గానీ కథను నడిపేది మాత్రం డబ్బులూ గడియారమూ. రెండోసారి పెన్సిలు పట్టుకుని, ఆ రెండూ వచ్చిన చోటల్లా గీత పెట్టుకుంటూ చదవండి.

'అరబీ' అనే బజారు నుంచి ఏదో ఒకటి తెస్తానని తన స్నేహితుడు మాంగన్ వాళ్ళక్కకు మాటిస్తాడు కథలోని పిల్లాడు. డబ్బులివ్వాల్సిన మామ ఆ శనివారం రాత్రి తొమ్మిదికి గానీ ఇల్లు చేరడు. తాగొచ్చాడని జాయిస్ ఎక్కడా అనడు. మామ తనలో తాను మాట్లాడుకుంటాడు, కోటు తగిలిస్తే ఆ బరువుకు స్టాండు ఊగుతుంది, అంతే. పిల్లాడికి సంగతి తెలిసిపోతుంది. గబగబా చదివేవాళ్ళు జారవిడుచుకునే చోటు ఇదే.

చేతికొచ్చింది ఒక ఫ్లోరిన్, అంటే రెండు షిల్లింగులు. షిల్లింగుకు 12 పెన్నీల చొప్పున 24. రైల్లో మూడో తరగతి పెట్టెలో బజారుకు వెళ్ళి దిగేసరికి పదికి పది నిమిషాలు తక్కువ. ఆరు పెన్నీల గేటు కనబడదు. మూసేస్తారేమోనన్న భయంతో షిల్లింగు ఇచ్చి లోపలికి దూరతాడు. చివర్లో జేబులో మిగిలేది ఒక ఆరు పెన్నీల బిళ్ళ, రెండు పెన్నీలు. గేటుకు 12 పోయి 8 మిగిలాయంటే తక్కిన నాలుగూ రైలుకే అయ్యుండాలి. చవక గేటు దొరికినా చేతిలో 14 ఉండేవి. వాటితో అక్కడి అంగట్లో ఉన్న పింగాణీ సామాను వచ్చేదా? నాకైతే అనుమానమే.

లోపల జొన్నవాడ తిరణాలలో అంగళ్ళు సర్దేసే వేళలా ఉంటుంది. హాలు సగానికి పైగా చీకటి. ఇద్దరు పళ్ళెంలో డబ్బులు లెక్కపెడుతుంటారు. అంగడి అమ్మాయి ఇద్దరు కుర్రాళ్ళతో పరాచికాలాడుతూ, తప్పదన్నట్టు వచ్చి ఏం కావాలని అడుగుతుంది. ఏమీ వద్దంటాడు.

చీకట్లోకి చూస్తూ, డంబం ఆడించి గేలిచేసిన ప్రాణిగా తనను తాను చూసుకున్నానని, దుఃఖంతో కోపంతో కళ్ళు మండాయని చెప్పే ఆఖరి వాక్యాన్ని పిల్లాడి మాటగా తీసుకోకండి. ఆ కోపం, దుఃఖం పిల్లాడివే, దానికి పేరు పెట్టింది మాత్రం పెద్దయ్యాక వెనక్కి చూసుకుంటున్న మనిషి.

ఇంకొకటి. పిల్లాడు వంటింట్లోంచి బయల్దేరుతుంటే మామ అత్తకు ఒక పద్యం చదవబోతుంటాడు, అరబ్బు తన గుర్రానికి వీడ్కోలు చెప్పేది. నోట్సుల్లో పేరొక్కటే చెప్పి వదిలేస్తారు గానీ వెతికి చదవండి. అందులో గుర్రాన్ని అమ్ముకున్నవాడు చివరికి ఆ బంగారాన్ని కొన్నవాళ్ళ మొహానే కొట్టి గుర్రమెక్కి పోతాడు.